కాపెల్లి గోధుమ

పండుగనాడు పాయసములో వేసే సేమ్యా మన ఇళ్ళకు కొత్తది కాదు. యంత్రాలు రాకపూర్వం మన ఆడవారు గోధుమపిండిని గట్టిగా తడిపి, చాలాసేపు మర్దించి, చేతివేళ్ళతో సన్నని పోగులు తీసి ఎండలో ఆరబెట్టేవారు. ఆ పని చూచినవారికి ఇటలీ దేశస్థుల పాస్తాను గూర్చి ఎక్కువగా వివరించనక్కరలేదు. పిండి, నీరు, గాలి, ఓపిక. పాస్తాకు కావలసినవి ఇవియే. అయితే ఏ గోధుమనుండి ఆ పిండి వచ్చినది, ఆ గోధుమ ఏ నేలలో ఎట్లు పండినది అని ప్రశ్నించినచో, అక్కడనుండి ఒక పెద్ద చరిత్ర ప్రారంభమగును. ఆ చరిత్రలో రాజులు, గొర్రెలకాపరులు, శాస్త్రజ్ఞులు, నియంతలు, అణుశక్తి పరిశోధనశాలలు కూడ కనిపించును.

గోధుమలో స్థూలముగా రెండు తెగలు. రొట్టెకు వాడే మెత్తని గోధుమ ఒకటి. లాటిను భాషలో కఠినమైనదని అర్థము వచ్చునట్లు ‘దురుమ్’ అని పేరు పొందిన గట్టి గోధుమ రెండవది. గట్టి గోధుమ గింజ పసుపుఛాయతో, గాజుముక్కవలె ఉండును. తిరగలిలో వేసినచో ఇది మెత్తని పిండిగా నలగదు, రవ్వగా విరుగును. మన అంగళ్ళలో బన్సీ రవ్వ అని అమ్మేది ఈ జాతిదే. ఈ రవ్వను తడిపి ముద్దచేసి, అచ్చులగుండా నొక్కి, ఆరబెట్టినచో వచ్చే పాస్తా మరిగే నీటిలో కూడ చెదరిపోదు.

ఈ వంటకమును మార్కో పోలో చైనానుండి తెచ్చినాడని ఒక కథ లోకములో వ్యాపించినది. ఇది వినుటకు ఇంపైన కథయే గాని నిజము కాదు. మార్కో పోలో వెనిస్ నగరమునకు తిరిగివచ్చినది 1295లో. అంతకు పదునారేండ్లకు ముందే, 1279లో, జెనోవా నగరములో ఒక సైనికుని ఆస్తిని లేఖకుడు పట్టీ వ్రాసినప్పుడు అందులో మకరోని నిండిన బుట్ట ఒకటి లెక్కకెక్కినది. అంతకంటె పూర్వం, 1154లో, సిసిలీ రాజు రోజరు కొలువున ఉన్న అరబ్బు భూగోళశాస్త్రజ్ఞుడు అల్ ఇద్రీసీ, ఆ ద్వీపములోని త్రాబియా అనే ఊరిలో ‘ఇత్రియ్యా’ అనే ఎండు పిండిపోగులను విస్తారముగా తయారుచేసి ఓడలమీద దూరదేశాలకు పంపుచున్నారని వ్రాసినాడు. గట్టి గోధుమ పండే ఎండదేశము, మరలను తిప్పే సెలయేళ్ళు, సరుకును మోసే సముద్రము: ఈ మూడును అక్కడ కలిసినవి.

మన కథకు ముఖ్యమైన నేల అయితే సిసిలీ కాదు. ఇటలీ పటమును మడమఎత్తు బూటుతో పోల్చుట వాడుక కదా. ఆ మడమకు కొంచెము పైన, ఆడ్రియాటిక్ సముద్రపు వైపున, ఫొజ్జా నగరము చుట్టును ‘తావొలియేరే’ అనే విశాలమైన మైదానమున్నది. వానలు తక్కువ, వేసవి తీవ్రము. ఇటలీ ద్వీపకల్పములో ఇంత పెద్ద గోధుమపొలము మరొకటి లేదనవచ్చును. కాని చాలకాలము ఆ మైదానము ప్రధానముగా గొర్రెలది.

1447లో నేపుల్సు రాజ్యమును ఏలుచుండిన అరగాను వంశపు అల్ఫాన్సో రాజు, ఈ మైదానములో గొర్రెలమేతకు ఒక ప్రత్యేక శాఖను, పన్నును ఏర్పాటు చేసినాడు. ఏటేట శరత్కాలమున అబ్రుజ్జో పర్వతాలమీద చలి ప్రారంభము కాగానే లక్షలకొలది గొర్రెలు క్రిందికి దిగివచ్చేవి. వసంతము ముగియగానే మరల కొండలెక్కేవి. అవి నడచుటకు వదలిన గడ్డిబాటలలో పెద్దవాటి వెడల్పు 111 మీటర్లు. లాక్విలా నుండి ఫొజ్జా వరకు సాగిన బాట పొడవు సుమారు 244 కిలోమీటర్లు. మైదానములో కొంత భూమి మేతకు, కొంత దున్నుటకు నిర్ణయింపబడెడిది. దున్నే భూమిలో కూడ ఒక భాగమును వంతులవారీగా బీడు వదలి గొర్రెలను తోలేవారు. మన రాయలసీమలోను, తెలంగాణములోను పంట కోసిన చేలలో గొర్రెలమంద కట్టించి ఎరువు చేసుకొనే రైతుకు ఇందులోని కిటుకు వెంటనే తెలియును. రాజు దీనిని నేలమీది ప్రేమతో చేయలేదు; పన్ను కోసము చేసినాడు. గోధుమ పండించదలచిన రైతులకు ఈ కట్టుబాటు పెద్ద నిర్బంధముగా ఉండెడిది. అయినను మూడున్నర శతాబ్దాలపాటు ఆ నేల తిన్నదానిలో కొంత తిరిగి నేలకు చేరుచు వచ్చినది.

1806లో, నెపోలియను సోదరుడు జోసెఫ్ బొనపార్టు నేపుల్సు సింహాసనముపై ఉన్నప్పుడు, ఈ పాత కట్టుబాటును రద్దుచేసినారు. ఏకీకృత ఇటలీ రాజ్యము 1865లో చేసిన మరొక చట్టము, మిగిలిన మేతహక్కులనుండి కూడ భూములను విడిపించినది. గడ్డినేలలు వేగముగా నాగలిక్రిందికి వచ్చినవి. పెద్ద భూస్వాములు, భూమిలేని కూలీలు, గోధుమ తరువాత గోధుమ. ఇదియే తరువాతి శతాబ్దపు తావొలియేరే. కోతలు కాగానే మోళ్ళకు నిప్పుపెట్టుట అలవాటైనది. కాలిన చేలలో రాలిన నల్లని గింజలను పేదవారు ఏరుకొని, పిండిచేసి, తెల్లపిండిలో కలిపి తినేవారని ఆ ప్రాంతమువారు చెప్పుదురు. ఆ ‘కాల్చిన గోధుమ’ పిండిని ఇప్పుడు పట్టణాల భోజనశాలలలో అపురూపమైన రుచిగా వడ్డించుచున్నారు. ఆకలి తినిపించిన తిండిని సంపద వెదకి తినుట అన్నిదేశాలలోను జరిగే వింతయే.

ఇట్లు పండిన గోధుమలో పెద్దభాగము పడమటి తీరాన నేపుల్సు అఖాతమువద్దనున్న పాస్తా పట్టణాలకు పోయేది. అందులో గ్రాన్యానో ప్రసిద్ధి కెక్కినది. వెనుక లత్తారి కొండలు, కొండలనుండి దిగే నీటితో తిరిగే పిండిమరలు, ముందు సముద్రపు తేమగాలి. ఊరి రాజవీధిలో ఇరువైపుల వెదురుగడలమీద పాస్తాను వేలాడదీసి ఆరబెట్టిన దృశ్యము పాత ఛాయాచిత్రాలలో చూడవచ్చును. 1885లో ఆ ఊరికి రైలు వచ్చినది. అమెరికాకు వలసపోయిన ఇటాలియనులకోసము ఓడలనిండ పాస్తా పోయినది. పెరిగిన గిరాకీకి దేశములోని గోధుమ చాలలేదు. పాస్తా చేసేవారు మిక్కిలి మెచ్చుకొన్న గోధుమ రష్యానుండి, అజోవు సముద్రపు రేవైన తగన్‌రోగ్‌నుండి వచ్చేది. రేవు పేరే గోధుమ పేరైనది. 1914లో యుద్ధము వచ్చి డార్డనెల్సు జలసంధి మూతపడినది. 1917లో విప్లవము వచ్చినది. తగన్‌రోగ్ గోధుమ మరల రాలేదు. ఆ లోటును కొంతవరకు పూరించిన విత్తనము అప్పటికే ఫొజ్జా పొలాలలో సిద్ధమగుచున్నది.

ఆ విత్తనమును సిద్ధము చేసినవాడు నజరేనో స్ట్రాంపెల్లి. 1866లో మార్కె ప్రాంతములో జన్మించినాడు. 1903లో రియేతి అనే చిన్న పట్టణములో, ఊరూర తిరిగి రైతులకు బోధించే వ్యవసాయాచార్యుని ఉద్యోగమునకు వచ్చినాడు. పరిశోధనశాల అని చెప్పుకొనదగినది అక్కడ ఏమియు లేదు. భార్య కార్లొత్తా పారిసానీ ఆయనకు పనిలో నిజమైన సహాధ్యాయిని. గోధుమపువ్వును విప్పి, దాని కేసరాలను తీసివేసి, మరొక జాతి పుప్పొడిని తెచ్చి చల్లుట కంటికి, వేలికి పరీక్షవంటి పని. దంపతులు ఇట్టి సంకరములను వందలకొలది చేసినారు. ఒక గోధుమకు ఆమె పేరే పెట్టినారు. స్ట్రాంపెల్లి వ్యాసాలు వ్రాయుటకంటె విత్తనాలు తయారుచేయుటలోనే కాలము గడపినాడు. అందువలన కాబోలు, లోకములో ఆయన గోధుమలకు వచ్చినంత పేరు ఆయనకు రాలేదు.

గట్టి గోధుమపై పరిశోధనలకు ఆయన ఫొజ్జాకు వచ్చినాడు. అక్కడ మార్క్విసు రఫాయేలే కాపెల్లి అనే సెనేటరు, వ్యవసాయ సంస్కరణములపై మక్కువగల జమీందారు, తన భూములను ఆయనకు ఇచ్చి సహకరించినాడు. స్ట్రాంపెల్లి ఉత్తర ఆఫ్రికానుండి తెచ్చిన ‘జెనా రెతీఫా’ అనే నాటుగోధుమలో మేలైన మొక్కలను ఏరి, వాటి సంతానములో మరల మేలైనవానిని ఏరి, చివరకు ఒక శుద్ధమైన వంశమును నిలబెట్టినాడు. 1923లో దానిని రైతులకు విడుదల చేసినారు. అప్పటికి కాపెల్లి మరణించి రెండేండ్లు. కృతజ్ఞతాపూర్వకముగా గోధుమకు ‘సెనేటరు కాపెల్లి’ అని పేరు పెట్టినారు. ఈనాడు ఇటలీవారు తమ తాతముత్తాతల ధాన్యమని గర్వించే గోధుమకు పుట్టిల్లు ఆఫ్రికా, వయస్సు నూరేండ్లకు కొంచెము ఎక్కువ. అది పుట్టిన దినాలలో అదియే నవీనశాస్త్రము. పాతవిత్తనములను త్రోసివేసినది అదియే.

కాపెల్లి పైరు నిలువెత్తు మనిషి భుజములదాక, ఒక్కొక్కప్పుడు తలదాక పెరుగును. వెన్నులకు పొడవైన నల్లని ముళ్ళుండును. ఎండకు ఓర్చును, బీదనేలలో పండును, గింజలో మాంసకృత్తులు పుష్కలము. దాని రవ్వతో చేసిన పాస్తాను గ్రాన్యానోవారు మెచ్చినారు. 1925లో ముస్సోలినీ ‘గోధుమ యుద్ధము’ను ప్రకటించినాడు. విదేశపు గోధుమ కొనరాదని, దేశములో ఉన్న నేలనంతయు గోధుమకే పెట్టవలెనని ఆజ్ఞ. స్ట్రాంపెల్లి విత్తనములు ఆ యుద్ధములో ఆయుధాలైనవి; 1929లో ఆయన కూడ సెనేటరు అయినాడు. గోధుమ పెరిగినది, నిజమే. కాని ఆ ఉత్సాహములో మేతభూములు తగ్గినవి, పశువులు తగ్గినవి, పప్పుధాన్యాలకు చోటు తగ్గినది. కాపెల్లి గోధుమ మంచిదే. దానిని వాడిన పద్ధతి నేలకు మంచిది కాదు. ఈ రెండింటిని వేరుచేసి చూడని వారు ఈనాడు కూడ ఉన్నారు.

స్ట్రాంపెల్లి 1942లో మరణించినాడు. కాపెల్లి గోధుమ ఆ తరువాత ఇరువదేండ్లకు పైగా ఇటలీ గట్టి గోధుమపొలాలను ఏలినది. దానిని దింపినది ఎరువు. పొడవైన కాడగల పైరుకు నత్రజనిని దండిగా వేసినచో వెన్ను బరువెక్కి, చిన్న గాలివానకే చేను పడిపోవును. నెల్లూరు మొలగొలుకులు పండించిన మన పెద్దలకు ఈ బాధ తెలియును. పొట్టి గోధుమ కావలసివచ్చినది. రోముకు సమీపమున కసాచ్చా అనేచోట అణుశక్తి సంస్థవారి పరిశోధనకేంద్రమున్నది. కాపెల్లి విత్తనాలపై ఎక్సురే కిరణాలు ప్రసరింపజేసి పొందిన పొట్టి మొక్కను, మెక్సికోనుండి వచ్చిన పొట్టి వంశముతో సంకరము చేసి, 1974లో ‘క్రేసో’ అనే గోధుమను అక్కడినుండి విడుదల చేసినారు. మెక్సికో వంశములోని పొట్టితనము జపాను దేశపు నోరిన్ 10 గోధుమనుండి వచ్చినది. 1966లో మన దేశము పదునెనిమిదివేల టన్నులు దిగుమతి చేసుకొన్న మెక్సికో విత్తనములలోని పొట్టితనమునకు మూలము కూడ ఆ జపాను గోధుమయే. క్రేసో పడదు, ఎరువును తిని దిగుబడిగా ఇచ్చును. కొడుకు వచ్చి తండ్రిని ఇంటినుండి పంపించినట్లు, కొన్నేండ్లలోనే కాపెల్లి పొలాలనుండి తప్పుకొన్నది.

ఆ కాలపు రైతును నిందించుటకు వీలులేదు. కాపెల్లి హెక్టారుకు ఇరువది క్వింటాళ్ళు ఇచ్చిన చోట కొత్త గోధుమ దానికి రెట్టింపు ఇచ్చినది. పైగా 1967లో ఇటలీ ప్రభుత్వము, ఎండు పాస్తాను గట్టి గోధుమతోనే చేయవలెనని చట్టము చేసినది. దానితో ఆ గోధుమకు గిరాకీ పెరిగినది. పాస్తా సామాన్యుని పళ్ళెములో చవుకగా నిలిచినది. అయితే లెక్కకు రానిది ఒకటి క్రింద జరుగుచుండెను. ఏటేట గోధుమయే వేసి, మోళ్ళను కాల్చి, లోతుగా దున్నిన తావొలియేరే నేలలో కుళ్ళిన ఆకు, వేరు, ఎరువుల పదార్థము తరిగిపోయినది. అది తరిగిన నేల వానను పట్టి ఉంచలేదు. వాన తక్కువైన ఏట నష్టము ఎక్కువైనది. ఎరువు ధర పెరిగిన ఏట ఇంకను ఎక్కువైనది.

1990 తరువాత, రసాయనిక ఎరువులు వద్దనుకొన్న కొందరు రైతులు పూలియా, బసిలికాటా ప్రాంతాలలో కాపెల్లి విత్తనమును మరల చల్లినారు. పూర్వము దోషముగా ఎంచిన గుణములే ఇప్పుడు వారికి పనికివచ్చినవి. పొడవైన పైరు నీడవలన కలుపు అణగిపోవును; కలుపుమందు అవసరము తగ్గును. ఎరువు ఎక్కువ వేయరాదు గనుక అడిగేది తక్కువ. గడ్డి అధికము గనుక, కాల్చక నేలకే వదలినచో నేలకు తిండి. కాని విత్తనము మార్చినంతమాత్రమున నేల మారదని వారికి త్వరలోనే తెలిసినది. గోధుమకు ముందు సెనగగాని, పెద్ద చిక్కుడుగాని, సుల్లా అనే ఎర్రపూల పశుగ్రాసముగాని వేయవలెను. వాటి వేళ్ళలోని బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలలో నిలుపును. మన రైతులు వరి తరువాత పిల్లిపెసర, జనుము చల్లుట ఇట్టిదే. ఎండకాలములో నేలను నగ్నముగా వదలక గడ్డితో కప్పియుంచవలెను. నాగలిని పైపైననే ఆడించవలెను. వీలున్నచోట గొర్రెలను మరల తోలవలెను. భూసార పునరుద్ధరణ సేద్యమని ఈనాడు కొత్తపేరుతో పిలిచే దానిలో సగము, అల్ఫాన్సో రాజు పన్నుకోసము నడిపినదానికి చుట్టమే. తేడా ఏమనగా, ఈసారి రైతు తనంతట తాను దానిని ఎంచుకొన్నాడు.

పొలము దాటి మరకు, మర దాటి పాస్తా చేసేచోటికి వచ్చినప్పుడు మరొక చిక్కు ఎదురైనది. కాపెల్లి గింజలో మాంసకృత్తులు ఎక్కువే గాని, వాటివలన పిండికి వచ్చే జిగి కొత్త గోధుమలంత గట్టిది కాదు. నేటి పెద్ద కర్మాగారములలో పాస్తాను డెబ్బది, ఎనుబది డిగ్రీల వేడిలో కొద్దిగంటలలోనే ఎండబెట్టుదురు. ఆ వేడి పాస్తాను బిగించును. రవ్వలో ఉన్న లోపమును కొంత కప్పిపుచ్చును. దానితోపాటు గోధుమవాసనను కూడ చాలవరకు కప్పిపుచ్చును. పాత గోధుమ గుణము తెలియవలెనన్నచో పాతపద్ధతినే పట్టవలెను. రవ్వను చల్లని నీటితో తడిపి, నెమ్మదిగా కలిపి, కంచు అచ్చులగుండా నొక్కుదురు. కంచు గీచినందువలన పోగుపై సన్నని గరుకుతనము ఏర్పడి పులుసును పట్టుకొనును. తరువాత ఆరబెట్టుట. ఇదియే అసలైన విద్య. మొదట పైపొరను మాత్రము గాలికి కాగితమువలె బిగియనిత్తురు. పిదప చల్లని తేమగదిలో విశ్రమింపజేసినచో లోపలి తడి మెల్లగా పైకి వచ్చి పోగు మరల మెత్తబడును. ఆపైన చాల నెమ్మదిగా, ఏబది డిగ్రీలు దాటనీయక, ఒకటి రెండు దినాలు, ఒక్కొక్క ఆకారమునకు అంతకంటె ఎక్కువ, ఆరనిత్తురు. ముప్పది వంతులున్న తడి పన్నెండున్నరకు దిగవలెను. తొందరపడినచో పోగులో కంటికి కనిపించని పగుళ్ళు పడి, కుండలో తునకలగును. పూర్వము గ్రాన్యానోలో ఈ పనిని కొండగాలి, సముద్రపుగాలి వంతులు వేసుకొని చేసేవి. గాలివాటము చూచి కిటికీ తెరచుట, మూయుట తెలిసినవాడే మేస్త్రీ.

ఇంత శ్రమకు ధర కూడ తగినంత ఉండును. మామూలు పాస్తాకంటె ఇది రెండు మూడురెట్లు ప్రియము. ప్రియమైన సరుకునకు మహిమలు అంటగట్టుట వర్తకధర్మము గనుక, పాతగోధుమ ఎవరికైనను పడునని, గోధుమజిగి సరిపడని రోగులుకూడ తినవచ్చునని కొందరు ప్రచారము చేసినారు. ఇది ప్రమాదకరమైన మాట. కాపెల్లి గోధుమయే, గోధుమ తినకూడదని వైద్యుడు చెప్పినవారు దీనినికూడ తినరాదు. దాని విలువ రుచిలోను, అది నేలవద్ద తీసుకొనే తక్కువ అప్పులోను ఉన్నది. అంతకుమించి చెప్పనవసరము లేదు.

గిరాకీ పెరుగగానే మరొక తగవు లేచినది. విత్తనము ఎవరిది? స్ట్రాంపెల్లి తన గోధుమలపై హక్కులు కట్టుకొని ధనము గడించినవాడు కాదు. రైతులు చల్లుకొనుటకే ఇచ్చినాడు. శుద్ధవిత్తనమును కాపాడే బాధ్యత ప్రభుత్వ వ్యవసాయ పరిశోధనసంస్థకు సంక్రమించినది. ఆ సంస్థ దాని ఉత్పత్తి, విక్రయ హక్కులను ఒకే విత్తనకంపెనీకి అప్పగించినది. పండిన పంటను మరల తమకే అమ్ముటకు ఒప్పుకొన్నవారికే విత్తనము ఇత్తుమని ఆ కంపెనీ పట్టుపట్టినదని, విత్తనము ధర పెంచినదని, అడిగినవారికి ఆలస్యము చేసినదని రైతులు మొరపెట్టుకొన్నారు. 2019లో ఇటలీ దేశపు స్పర్ధా పరిరక్షణాధికారులు విచారించి, రైతుల మాట నిజమని తేల్చి, కంపెనీకి లక్షయేబదివేల యూరోలు జరిమానా విధించినారు. పంటనమ్మే షరతు లేకుండ విత్తనము దొరుకవలెనని కోరినవారిలో, తమ తండ్రులు ఈ గోధుమను 1970 దశకములో వదలివేయగా చూచినవారును ఉన్నారు.

తావొలియేరేలో కాపెల్లి కొత్త గోధుమలకంటె ఆలస్యముగా పక్వమగును. పక్కచేలు కోతలై ఖాళీ అయిన తరువాత గూడ, జూను చివరివరకు, నల్లముళ్ళ వెన్నులతో అది గాలికి ఊగుచు నిలిచియుండును. కోసిన తరువాత నిలువెడు గడ్డి ఆ పొలములోనే పడియుండును. శరత్కాలమున మొదటి వాన పడినపుడు, దానిమీదనే చిక్కుడువిత్తనము చల్లుదురు.